సుందర మార్గంలో శామియానా

ఆదివారం పొద్దున చనిపోవడం శ్రీపతిగారి తప్పట. ఇంకొక్క రోజు ఆగి సోమవారం పోయి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదట. సరిగ్గా ఇవే మాటలతో అనలేదు కానీ, అభిజిత్ చెప్పినదానికి అర్థం అదే. "వీక్‌డే అయితే ఏదో మేనేజ్ చేసేవాళ్లం మేడమ్" అన్నాడు. మనిషి ప్రాణం పోతే వీక్‌డే ఏమిట్రా, నీ మొహం మండ! చేతిలో ఉన్న కత్తెర కౌంటర్ మీద పెట్టేసి షాపు బయటికొచ్చాను. ఆ కోపంలో అది నా చేతిలో ఉండటం మంచిది కాదనిపించింది.

నా పేరు దమయంతి. చిక్కడపల్లి లైబ్రరీ వెనక నుంచి అశోక్‌నగర్ వైపు పోయే గల్లీలో నాకు చిన్న కుట్టు షాపు ఉంది. చీరలకు ఫాల్ వేస్తాను, పీకో చేస్తాను, జాకెట్లు కుడతాను. షాపు జోగారావుగారిది, దాని పక్కనున్న మేడా ఆయనదే. ఆ మేడ మీది పోర్షన్‌లో ముప్పై ఏళ్లుగా శ్రీపతిగారు, కుసుమక్క కిరాయికి ఉంటున్నారు. శ్రీపతిగారు నారాయణగూడలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఈ చుట్టుపక్కల గవర్నమెంటు ఆఫీసుల్లో రిటైరైన సగంమంది వేళ్లు ఆయన దగ్గర తిరగడం నేర్చుకున్నవే. జోగారావుగారి ఇద్దరు కూతుళ్లకైతే ఫీజు కూడా తీసుకోలేదు.

ఆయనకు ఛాతీలో నొప్పి అని శనివారం సాయంత్రం ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆదివారం తెల్లారేసరికి అయిపోయింది. కూతురు మహిత ఆదిలాబాద్‌లో టీచరు. ఫోన్ వెళ్లగానే కారు మాట్లాడుకుని బయల్దేరింది. ఎంత తొందరగా వచ్చినా మధ్యాహ్నం దాటుతుంది. ఆస్పత్రి నుంచి కుసుమక్క నాకు ఫోన్ చేసి ఒక్కటే మాట అంది.

"దమయంతీ, నా బిడ్డ వచ్చి సూసేదాంక ఆయన్ని మన గల్లీలనే ఉంచాలె. ఆ మార్చురీల పెట్టనియ్యకు. గంతే నేను అడిగేది."

అంతే అడిగింది పాపం. అదేమన్నా గొంతెమ్మ కోరికా?

మా ఊళ్లో కిరాయికి ఉన్నవాళ్లకు ఒక సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో పోతే, ఓనరు ఆ శవాన్ని గేటు దాటనివ్వడు. అగ్రిమెంటులో రాయరు, నోటితో అనరు, కానీ అందరికీ తెలుసు. ఇల్లు మైలపడుతుందనీ, మళ్లీ కిరాయికి ఎవరూ రారనీ వాళ్ల భయం. అందుకని మాబోటివాళ్లకు చివరిరోజు వీధే దిక్కు. ఇంటి ముందు రోడ్డు మీద శామియానా వేస్తారు, కింద ఫ్రీజర్ పెట్టె పెడతారు, నాలుగు వరసల ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. వచ్చేవాళ్లు వస్తారు, ఏడ్చేవాళ్లు ఏడుస్తారు. గల్లీ ఆ పూట మూసుకుపోతుంది. స్కూటర్లవాళ్లు చూసి, చెప్పులు తీసి దండం పెట్టి, వేరే సందులోంచి పోతారు. మా అత్తగారికి అలాగే జరిగింది. రేపు నాకూ అలాగే జరుగుతుందనుకుంటూ ఉన్నాను.

ఇప్పుడు ఆ వీధి మాది కాదు. అది సుందర మార్గం.

రెండేళ్ల కింద మొదలైంది ఈ దరిద్రం. ఊళ్లో చూడముచ్చటైన పాత వీధులు కొన్ని ఎంచి, వాటిని బాగుచేసి, టూరిస్టులను తిప్పుతారని ఒక స్కీము వచ్చింది. మా గల్లీలో కమాను బాల్కనీల పాత మేడలు నాలుగు ఉన్నాయి, గోడల మీద కాగితం పూల తీగలున్నాయి. ఇంకేం, ఎంచేశారు. జోగారావుగారు మా అసోసియేషన్ ప్రెసిడెంటు. ఇంటింటికీ తిరిగి "డ్రైనేజీ కొత్తది వేస్తారండీ, ఇళ్ల విలువ పెరుగుతుందండీ" అని ఊదరగొట్టారు. డ్రైనేజీ అనేసరికి మేం పడిపోయాం. వానాకాలంలో మోకాలి లోతు మురికిలో నడిచినవాళ్లకు ఆ మాట అమృతం.

డ్రైనేజీ వేశారు. కాదనను. సగం గల్లీకి వేశారు, ఫొటోల్లో పడే సగానికి.

దాని తర్వాత గోడలన్నిటికీ ఒకటే ఇటుక రంగు వేయాలన్నారు, రంగు ఖర్చు మాదే. బాల్కనీల్లో బట్టలు ఆరేయొద్దన్నారు. ఫుట్‌పాత్ కోసమని ఇళ్ల ముందున్న అరుగులన్నీ కొట్టేశారు. కూరగాయల బండిని మెయిన్ రోడ్డుకు తరిమేశారు, దాంతో ముసలివాళ్లు వంకాయల కోసం బస్సుల మధ్య రోడ్డు దాటుతున్నారు. ఇరానీ చాయ్ హోటల్ ఉన్నచోట ఇప్పుడు గాజు తలుపుల కాఫీ షాపు. అందులో ఒక కప్పు తాగే డబ్బుతో మెస్సులో భోజనం చేసి పెరుగు కూడా వేయించుకోవచ్చు. అశోక్‌నగర్ నుంచి లైబ్రరీకి చదువుకోను నడిచివచ్చే పిల్లలకు ఈ గల్లీ దగ్గరి దారి. హాస్టళ్ల కిరాయి పెరిగిందని వాళ్లలో సగంమంది ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో వస్తున్నారు. కిరాయి అందరికీ పెరిగింది. నాకూ పెరిగింది. టూరిస్టులు ఫాల్ వేయించుకోరు కదా, అందుకని గుడ్డ సంచులు కుట్టి పెట్టాను. అవి బాగానే అమ్ముడయ్యాయి, అబద్ధమాడటం ఎందుకు. కానీ అమ్మిందంతా కిరాయిలోకే పోయింది.

జోగారావుగారు మాత్రం కింది పోర్షన్‌ను టూరిస్టులు రెండు మూడు రోజులు దిగే గదులుగా మార్చుకున్నారు. శ్రీపతిగారి పోర్షన్ కూడా ఖాళీ అయితే బాగుండునని ఆయన మనసులో ఉంది. అది గల్లీలో కాకులకు కూడా తెలుసు.

శని, ఆదివారాలు ఇక్కడ నడక టూరు. గైడమ్మాయి ముందు, టోపీలు పెట్టుకున్నవాళ్లు వెనక. ఆ రెండు రోజులూ వాహనాలు రావొద్దు, తోపుడు బండ్లు పెట్టొద్దు, రోడ్డు మీద టెంట్లు వేయొద్దు. ఇదంతా చూసుకోవడానికి ఆ స్కీమువాళ్లు పెట్టిన మేనేజరే అభిజిత్. కుర్రవాడు, చెడ్డవాడని అనలేను. కానీ వాడికి రోడ్డు తెలుసు, గల్లీ తెలియదు.

టెంట్ల రూలు పెట్టేముందు అసోసియేషన్ మీటింగ్ జరిగింది. అది చెప్పాలి, చెప్పకపోతే నా కడుపుమంట ఎవరికీ అర్థం కాదు. వేటికి మినహాయింపు కావాలో అడగమని స్కీమువాళ్లే అన్నారు. జోగారావుగారు మైకు పట్టుకున్నారు. వినాయక చవితికి కావాలన్నాం, ఒప్పుకున్నారు. బోనాలకు కావాలన్నాం, టూరిస్టులు చూస్తారని వెంటనే ఒప్పుకున్నారు. బతుకమ్మ అన్నాం, అయ్యప్ప పడిపూజ అన్నాం, శ్రీరామనవమి పానకం పందిరి అన్నాం. ఒకాయన బారసాలకు కూడా అడిగాడు. అప్పుడు వెనక వరసలోంచి శ్రీపతిగారు లేచారు.

"అన్నిటికీ అడిగిన్రు, బాగనే ఉన్నది. మరి చావుకో? ఈ గల్లీల ఎవ్వరూ చావరా?"

హాలంతా ఒక్కసారి "అయ్యో, అయ్యో" అంది. ఒకామె చెవులు మూసుకుంది. ఇంకొకామె కూర్చున్న చెక్క కుర్చీని వేళ్లతో తట్టి దండం పెట్టుకుంది. జోగారావుగారి మొహం మాడిపోయింది.

"ఏంటండీ మాస్టారూ ఆ మాటలు! శుభమా అని కొత్త రోడ్డు వస్తుంటే! కూర్చోండి, కూర్చోండి. తథాస్తు దేవతలుంటారు."

శ్రీపతిగారు కాసేపు నిలబడే ఉన్నారు. ఎవరైనా తనవైపు మాట్లాడతారేమో అని చూసినట్టున్నారు. ఎవరూ మాట్లాడలేదు. ఆయన కూర్చున్నారు. ఆ విధంగా మా గల్లీకి పుట్టుక ఉంది, పండగ ఉంది, చావు లేదు. అది పలకలేక అడగలేదు, అడగలేదు కాబట్టి ఇవ్వలేదు.

ఇక ఆ ఆదివారం. అంబులెన్సు గల్లీ మొదట్లో ఆగింది. బండ్లు రాకుండా దారికడ్డంగా పెట్టిన ఇనప స్తంభాన్ని గార్డులు తీయం అన్నారు. ముందు సీట్లో కుసుమక్క కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. టెంట్‌హౌస్ జైపాల్ అప్పటికే ట్రాలీ ఆటోలో కట్టెలూ గుడ్డా తెచ్చి నిలబడ్డాడు. జైపాల్ షాపు ఒకప్పుడు ఈ గల్లీలోనే ఉండేది. కిరాయి కట్టలేక దోమలగూడ పోయాడు.

"అక్కా, నేనేం జేయాలె? కట్టెలు దింపనిస్తలేరు. ఈ రాళ్లల్ల గుంత తీస్తే ఫైన్ అంటున్రు" అన్నాడు.

తాళ్లు కోయడానికి కత్తెర తెద్దామని నేను షాపులోకి పోతే, వెనకే అభిజిత్ పరుగున వచ్చాడు. "మేడమ్, రియల్లీ సారీ. బట్ ఇవాళ రెండు బ్యాచ్‌లు ఉన్నయ్. ఈవినింగ్ దాకా మార్చురీలో పెట్టండి, లేకుంటే డైరెక్ట్‌గా అంబర్‌పేట శ్మశానానికి తీస్కపోండి. వీక్‌డే అయితే ఏదో మేనేజ్ చేసేవాళ్లం మేడమ్."

ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. అయినా పళ్లు బిగపట్టుకుని జోగారావుగారి గేటు దగ్గరికి పోయాను. వీధి కాదంటే ఇల్లుంది కదా. ఆయన గేటు లోపల నిలబడ్డారు, చెయ్యి గడియ మీదే ఉంది.

"జోగారావుగారూ, జర గేటు తియ్యున్రి. లోపల వరండాల ఉంచుదం. మహిత రాంగనే తీస్కపోతం."

"దమయంతిగారూ, మీరు ఆవేశపడకండి. మాస్టారంటే నాకు మాత్రం గౌరవం లేదా? కానీ కింద గెస్టులున్నారండీ. బెంగుళూరు నుంచి వచ్చారు. వాళ్లేమనుకుంటారు చెప్పండి."

"గెస్టులు రెండు రోజులుంటరు. ఆయన ముప్పై ఏండ్లు ఉన్నడు. మీ బిడ్డలకు చదువు చెప్పిండు."

"అది వేరు, ఇది వేరు కదండీ."

అది వేరట, ఇది వేరట! ఎలా వేరో చెప్పమంటే చెప్పలేదు. గడియ మీద చెయ్యి మాత్రం తీయలేదు.

ఏం చేయాలో తోచక వెనక్కి తిరిగాను. అప్పుడు నా కంటికి ఎదురుగా కనబడింది. జోగారావుగారి ఇంటి ముందు రోడ్డు కొంచెం వెడల్పు. ఎప్పుడూ శామియానాలు వేసే చోటు అదే. అక్కడ స్కీమువాళ్లు ఫొటోల కోసం ఒక మంటపం కట్టారు. నాలుగు నగిషీ స్తంభాలు, పైన చెక్క పట్టీలు, మధ్యలో ఎర్రగా అలికినట్టు రంగు వేసిన అరుగు. 'పాతకాలపు అరుగు' అని పక్కన బోర్డు కూడా ఉంది. మా ఇళ్ల అరుగులన్నీ కొట్టేసి, టూరిస్టులు కూర్చుని పళ్లికిలించడానికి ఒక అరుగు కట్టారు, దొంగ సచ్చినోళ్లు.

"జైపాల్! టెంటు వేయొద్దన్నరు గదా. వేసిన పందిరి కింద పెట్టొద్దని ఎవడన్న అన్నడా?"

జైపాల్‌కు ఒక్క క్షణంలో అర్థమైంది. అతనూ, అతని మనుషులూ, అంబులెన్సు డ్రైవరూ కలిసి స్ట్రెచర్‌ను ఎత్తుకున్నారు. ఇనప స్తంభం బండ్లను ఆపుతుంది, భుజాల మీద వచ్చేవాళ్లను ఆపదు. గార్డు అడ్డం రాబోయాడు. "రా, నువ్వు కూడ ఒక చెయ్యెయ్యి" అన్నాను. వాడు పక్కకు తప్పుకుని టోపీ తీశాడు.

శ్రీపతిగారిని అరుగు మీద పడుకోబెట్టాం. దక్షిణం వైపు తల. తల దగ్గర దీపం. జైపాల్ మనుషులు ఫ్రీజర్ పెట్టె కూడా మోసుకొస్తే, ఆయన్ని అందులోకి మార్చి, నా షాపులోంచి వైరు లాగాం. కుసుమక్క ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. గల్లీవాళ్లు ఒక్కొక్కరే తలుపులు తీసుకుని బయటికొచ్చారు. మీటింగ్‌లో చెవులు మూసుకున్నామె పూలదండ తెచ్చింది. దండ తీసుకుని వేశాను.

అభిజిత్ మళ్లీ పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, రేపు ఇక్కడ ప్రీ వెడ్డింగ్ షూట్ బుక్ అయి ఉంది! వాళ్లకు తెలిస్తే..." అన్నాడు. "తెల్వనియ్యి" అన్నాను.

అంతలో మొదటి బ్యాచ్ రానే వచ్చింది. గైడమ్మాయి అలవాటు కొద్దీ వెనక్కి నడుస్తూ, "వెనకట ఇట్లాంటి అరుగుల మీద కూర్చుని జనం కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లు" అంటూ మావైపు తిరిగింది. అక్కడే ఆగిపోయింది. వెనకున్నవాళ్లూ ఆగారు. ఒకాయన ఫోన్ పైకెత్తాడు. ఒకామె గైడు చెవి దగ్గరికి వంగి అడిగింది, "ఇది కూడా ప్రోగ్రామ్‌లో భాగమా?" అని. తెలుగామే.

"అవునమ్మా" అన్నాను. "ఇదే అసలు ప్రోగ్రామ్. మిగిలినయన్నీ రంగులు. ఆ ఫోన్ కిందికి దించమను ఆయన్ని, లేకుంటే నేనొచ్చి దించుతా."

ఆయన దించాడు. కొందరు వెనక్కి తిరిగిపోయారు. ఆమె మాత్రం బూట్లు విప్పి దండం పెట్టి, చాలాసేపు అక్కడే నిలబడింది.

కానీ ఎండ ఊరుకోదు కదా. మే నెల. ఆ మంటపం పైన కప్పు లేదు, ఫొటోల్లో వెలుతురు చారలుగా పడాలని పట్టీలు మాత్రం కొట్టారు. పది దాటేసరికి ఎండ నేరుగా దిగింది. పెట్టె అద్దం మీద చెయ్యి పెడితే కాలింది. కుసుమక్క పొద్దున నుంచి మంచినీళ్లు తాగలేదు. కొంగు తీసి తన తల మీద కాకుండా పెట్టె మీద కప్పింది, ఆయన మొహం మీద ఎండ పడకుండా. అది చూసి నాకు ఏడుపు రాలేదు, అంత కోపం వచ్చింది. ఒక్క గుడ్డ, నాలుగు కట్టెలు. గల్లీ మొదట్లో ట్రాలీలో అవి అలాగే పడి ఉన్నాయి, గుడ్డ ఒక్కటే తెచ్చి పట్టీల మీద కప్పినా అది టెంటు కిందికే వస్తుందని గార్డులు కదలనివ్వలేదు.

"ఒక మనిషి మీద నీడ వేయడానికి ఎవని పర్మిషన్ గావాలె? చెప్పు! వానికి ఫోన్ కొట్టు!" అని అభిజిత్ మీద అరిచాను. గల్లీ అంతా వినబడేలా అరిచాను. ఈసారి నా వెనక ఇంకో పది గొంతులు లేచాయి.

అభిజిత్ పై అధికారికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. విషయం సగం చెప్పేలోపే అవతలి గొంతు విసుక్కుంది. "సరే సరే, అసోసియేషన్ ప్రెసిడెంట్ అడిగితే ఇస్తాం. ఏ కార్యక్రమానికో ఆయన్ని చెప్పమను."

అందరం జోగారావుగారి వైపు తిరిగాం. గేటు వెనక నుంచి ఆయన మెల్లగా బయటికి వచ్చారు. ఫోన్ తీసుకున్నారు.

"నమస్కారమండీ. జోగారావునండీ. ఇక్కడ ఒక చిన్న... కార్యక్రమం ఉందండీ. టెంటు కావాలి."

"ఏం కార్యక్రమం? పెళ్లా? పెళ్లిళ్లకు ఆదివారం కుదరదని చెప్పాం కదండీ."

"పెళ్లి కాదండీ. అది... మా అద్దెవారింట్లో కొంచెం ఇబ్బందిగా..."

"ఇబ్బంది ఏంటి? పండగా, పూజా? లిస్టులో ఉన్నదేనా?"

"లిస్టులో... లేదండీ. అదీ..."

డెబ్బై అయిదేళ్ల మనిషి. మైకులో అరగంట అనర్గళంగా మాట్లాడగలడు. ఆ రెండక్షరాలు నోట్లోంచి రావడం లేదు. ఎదురుగా శవం ఉంది, మాట మాత్రం అశుభం. ఆయన చేతిలోని ఫోన్ లాక్కుని నేనే చెప్పేద్దామని ఒక అడుగు వేశాను. కుసుమక్క నా చీర చెంగు పట్టుకుని ఆపింది. గల్లీలోకి వచ్చాక ఆమె నోరు విప్పడం అదే మొదలు. గొంతు పెంచలేదు.

"ఆయన్నే చెప్పనియ్యి, దమయంతీ" అంది. తర్వాత ఆయన వైపు చూసింది. "చెప్పున్రి జోగారావుగారూ. ఆయన ఆ రోజు లేచి చెప్పిండు గదా, గదే మాట. మీరు కూసోమన్నరు. ఆయన కూసున్నడు. ఇప్పుడు పండుకున్నడు. ఇంక మీరే చెప్పాలె."

జోగారావుగారు శ్రీపతిగారి వైపు చూశారు. ఆయన పెదాలు రెండుసార్లు కదిలాయి. ఫోన్‌లో అవతలి మనిషి "హలో, హలో" అంటున్నాడు.

"చావండీ" అన్నారు జోగారావుగారు. మళ్లీ గట్టిగా అన్నారు. "చావు. మా ఇంట్లో చావండీ."

మా అద్దెవారింట్లో అనలేదు. మా ఇంట్లో అన్నారు. ఫోన్ అభిజిత్ చేతిలో పెట్టి, అరుగు అంచు మీద, శ్రీపతిగారి కాళ్ల పక్కన కూలబడ్డారు.

అవతలి మనిషి ఏమన్నాడో మేం వినలేదు. జైపాల్ అసలు ఆగలేదు. గడ్డపార తెచ్చి, మెరుస్తున్న ఆ రాతి పలకల సందులో ఒక్క దెబ్బ వేశాడు. రాయి పగిలింది. రెండో గుంతకు గడ్డపార అందుకున్నది నేనే.

మహిత కారు దిగి పరుగెత్తుకొచ్చేసరికి వాళ్ల నాన్న మీద నీడ ఉంది.